మంచమెక్కిన కంప్యూటరు

ఆ ఉదయం ఇంకాస్తరావు చెయ్యాల్సిన పనులు మూడు. కంప్యూటరు ముందు కూర్చోవాలి. తెర మీద పచ్చగీత చివరిదాకా పాకాక, తయారైన వీడియోని భార్య రాసిచ్చిన చిరునామాకి పంపాలి. ఈ రెండు పనుల మధ్య దేన్నీ ముట్టుకోకూడదు. ఈ మూడోదే అసలు కష్టమని పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడకి బాగా తెలిసొచ్చింది. అందుకే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నాలుగోసారి చెప్పింది.

"ఏవండీ, అది దాని పాటికది చేసుకుపోతుంది. మీరు ఊరికే చూస్తూ కూర్చోండి. అంతే."

"చూస్తూ కూర్చోవడం కూడా రాదనుకున్నావా నాకు?"

"రాదండీ," అందావిడ, ఏమాత్రం మొహమాటపడకుండా. "పోయినసారి కుళాయి కారుతుంటే చూస్తూ కూర్చోమన్నాను. ప్లంబరు వచ్చేసరికి మీ చేతిలో కుళాయి ఉంది, గోడలోంచి నీళ్ళొస్తున్నాయి."

ఇంకాస్తరావు అన్నది అతని అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. రంగుల కొట్లో రంగులు కలపడం అతని ఉద్యోగం. ఎవరో పాత గోడ పెచ్చు ఒకటి తెచ్చి, సరిగ్గా ఇదే రంగు కావాలంటారు. అతను డబ్బాలో తెలుపు పోసి, అందులో చుక్క పసుపు, చుక్క ఎరుపు వేసి కలిపి, వెలుతురులోకి పట్టి చూసి, "ఇంకాస్త" అంటాడు. మళ్ళీ చుక్క. మళ్ళీ "ఇంకాస్త". కొట్లో ఈ గుణానికి అందరూ దణ్ణం పెడతారు, ఎందుకంటే చివరికి ఆ రంగుకీ గోడ పెచ్చుకీ వెంట్రుకవాసి తేడా ఉండదు. ఇంట్లో మాత్రం అదే గుణానికి తలుపు గడియ ఒకటి, మిక్సీ మూత ఒకటి, పైన చెప్పుకున్న కుళాయి ఒకటి బలైపోయాయి. పేరు పెట్టింది కొట్టువాళ్ళే అయినా, దానికి "రావు" తగిలించి గౌరవం తెచ్చింది మాత్రం మామగారు.

ఆ రోజు సంగతి కుళాయి లాంటిది కాదు. అతని భార్య ఇళ్ళకీ ఆఫీసులకీ ప్లాన్లు గీస్తుంది. పన్నెండేళ్ళుగా గీస్తూనే ఉంది, కానీ ప్రతి కాగితం కింద మూలన వేరే పెద్దాయన పేరే ఉండేది. మొట్టమొదటిసారి ఆవిడ తన పేరుతో ఒక పిల్లల గ్రంథాలయానికి డిజైను చేసింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి కమిటీవాళ్ళు చూస్తారు. కాగితాలూ అట్టతో చేసిన నమూనా పట్టుకుని ఆవిడ వాళ్ళ హాలుకి వెళుతోంది. ఆ గ్రంథాలయంలోకి నడిచి వెళ్ళినట్టు చూపించే రెండు నిమిషాల వీడియో ఇంట్లో కంప్యూటరు తయారుచేస్తోంది. వేల బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి గీసి కలిపితే ఆ వీడియో అవుతుంది. అది పన్నెండులోపు అక్కడికి చేరకపోతే, కమిటీ ముందు ఆవిడ చేతిలో అట్టపెట్టె తప్ప ఏమీ ఉండదు.

"పదకొండుంపావుకి అయిపోతుందని చూపిస్తోంది," అందావిడ చివరిగా. "నేను లోపలికెళ్ళాక ఫోను ఆపేస్తాను. కరెంటు పోయినా కంగారుపడకండి, ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలవుతుంది. ఇక వెళ్ళొస్తా."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళు," అన్నాడు ఇంకాస్తరావు. నిజంగానే అన్నాడు. ఆవిడ పేరు ఆ కాగితం మూలన చూసినప్పటి నుంచి ఆవిడ కన్నా అతనికే ఎక్కువ పొంగుగా ఉంది.

ఎనిమిదిన్నరదాకా అతను నిజంగానే చూస్తూ కూర్చున్నాడు. వీడియోలో అప్పటికి గుమ్మం దాటి, పుస్తకాల అరలు దాటి, గాజుకప్పు ఉన్న పెద్ద గది మొదలైంది. ఆ గాజులోంచి వెలుతురు ఎలా పడుతుందో లెక్కకట్టడం కంప్యూటరుకి తలకు మించిన పని కాబోలు, లోపలి ఫ్యాను హోరుమని అరవడం మొదలుపెట్టింది. తెర మీద "ముగిసే సమయం" అన్నచోట పదకొండుంపావు కాస్తా పదకొండున్నర అయింది. అతను కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. పన్నెండుకి పది తక్కువ. ఒకసారి లేచి, మంచినీళ్ళు తాగి వచ్చి చూశాడు. పన్నెండున్నర.

భార్యకి ఫోను చేస్తే ఆవిడ అక్కడ కంగారుపడి చెప్పాల్సిన నాలుగు ముక్కలూ మరిచిపోతుంది. పైగా ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు? అతనికి ఠక్కున గుర్తొచ్చినవాడు కంప్యూటర్ మెకానిక్. కొట్లో రంగులు కలిపే యంత్రం మొరాయిస్తే అతనే వచ్చి బాగుచేస్తాడు. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో తోలవచ్చునని, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని ఆ మధ్య అతనే చెప్పాడు.

ఫోనులో సంగతంతా విని మెకానిక్ అడిగాడు. "మదర్‌బోర్డు ఏదండీ?"

ఇంకాస్తరావు పెట్టె మీద రాసి ఉన్నదంతా చదివాడు.

"అయ్యో, అదా! ఆఫీసుల్లో గుమాస్తాలకిచ్చే బోర్డు సార్ అది. దాంట్లో సెట్టింగులేం ఉంటాయి! తారీకు, టైము, ఇంకోటేదో. అన్నీ తాళాలేసే ఉంటాయి. ఒక్క అంకె మాత్రం మార్చనిస్తుంది. వంద అని ఉంటుంది చూడండి. దాన్ని నూటరెండు చేసుకోండి. నూటమూడు చేస్తే చేశారు. అంతకుమించి పోవద్దు. కీబోర్డు, మౌసు, డిస్కు అన్నీ ఆ ఒక్క అంకెనే పట్టుకుని నడుస్తాయి. ప్రాసెసర్ని పరిగెత్తిస్తే అవన్నీ దాని వెనకాల పరిగెత్తాలి. వాటికంత ఓపిక ఉండదు."

"నూటమూడు దాటను," అని మాటిచ్చాడు ఇంకాస్తరావు. వేడి ఎంతుందో తెర మూలన చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎలా పెట్టుకోవాలో కూడా అడిగి తెలుసుకున్నాడు.

కంప్యూటరు ఆపి, మళ్ళీ వేస్తూ మీట నొక్కితే సెట్టింగులు మార్చే నీలం తెర వచ్చింది. మెకానిక్ చెప్పింది అక్షరాలా నిజం. పేజీ నిండా బూడిదరంగు గళ్ళు, ఒక్కదానిమీదా చెయ్యి పెట్టనివ్వదు. వాటి మధ్య తెల్లగా, బుద్ధిగా, ఒంటరిగా ఒక్క అంకె: వంద. దాన్ని నూటరెండు చేశాడు. పని ఆగినచోటి నుంచి మొదలైంది. ముగిసే సమయం పన్నెండూ పాతిక అయింది. అతని మొహం విప్పారింది. నూటమూడు చేశాడు. ముగిసే సమయం పన్నెండూ నలభై అయింది.

"ఇదేం విడ్డూరం?" అన్నాడు పైకి. "వేగం పెంచుతుంటే ఆలస్యమవుతుందా!"

"వేడెంతుంది?" అని వెనక నుంచి వినిపించింది.

మామగారు టీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నలభై ఏళ్ళు రైలింజను నడిపి రిటైరై, కూతురి దగ్గరే ఉంటున్నారు. ఆయన దృష్టిలో ప్రపంచంలో రెండే రకాల యంత్రాలు, వేడెక్కినవీ వేడెక్కనివీ.

"తొంభై ఆరు, మామయ్యగారూ."

"తొంభై ఆరా!" కప్పు బల్లమీద పెట్టేశారాయన. "అల్లుడూ, వేడెక్కిన ఇంజను తనంతట తనే నెమ్మదిస్తుందయ్యా. దాన్నింకా తోలితే ఎలా పోతుంది? ముందు చల్లబరచు. తర్వాత తోలు. అసలీ యంత్రానికి ఆ పక్కరేకు ఎందుకు, ఊడదియ్యి!"

మాట నచ్చింది ఇంకాస్తరావుకి. పక్కరేకు ఊడదీశారు. స్టాండు ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టారు. తొంభై మూడు. ఫ్యాను వేగం పెంచారు. తొంభై రెండు. పటం ఒకటి గోడమీంచి పడింది కానీ తొంభై రెండు మాత్రం తగ్గలేదు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇంట్లో ఏసీ ఒక్కటే ఉంది. అది మామగారి పడకగదిలో ఉంది.

పది నిమిషాల్లో కంప్యూటరు పెట్టె మామగారి మంచం ఎక్కింది. గాలి బాగా తగలాలని దాన్ని పక్కకి పడుకోబెట్టి, కింద తలగడ పెట్టారు. తెరని స్టూలు మీద నిలబెట్టారు. కిటికీలు మూసి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, ఏసీ పదహారులో పెట్టారు. మామగారు స్వెట్టరు వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, దుప్పటి కప్పుకుని, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"ఇక అంకె పిలువు," అన్నారు.

"పిలవడం ఏమిటండీ? తెర మీద కనిపిస్తూనే ఉందిగా."

"ఇంజన్లో సిగ్నలు కూడా కనిపిస్తూనే ఉంటుందోయ్. అయినా ఒకడు గట్టిగా పిలవాలి, రెండోవాడు అదే తిరిగి చెప్పాలి. అప్పుడే ఇద్దరూ చూసినట్టు లెక్క. నలభై ఏళ్ళలో ఒక్క ఎర్రదీపం దాటలేదు నేను. పిలువు!"

"ఎనభై తొమ్మిది!" అని అరిచాడు ఇంకాస్తరావు.

"ఎన... భై... తొమ్మిది..." అన్నారు మామగారు. ఏసీ గాలి సూటిగా ఆయన మీదికే వస్తోంది. అప్పటికే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఎనభై నాలుగు! తగ్గుతోంది మామయ్యగారూ!"

"ఎన... న... భై... నా... లుగు..."

"డెబ్భై తొమ్మిది! భలే! అయిపోయినట్టే మామయ్యగారూ, ఇంకాస్త, ఇంకాస్త!"

సరిగ్గా ఆ గది కింద, వెనక వరండాలో, బట్టలు ఆరేసుకుంటూ కింది వాటా పిన్నిగారు ఉన్నారన్న సంగతి అతనికి అప్పుడు తెలియదు. ఆవిడ ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేశారు. మంచం పక్కన నిలబడి ఎవరైనా తొంభైకి అటూ ఇటూ అంకెలు చదివితే, అది రోగి ఒంట్లో ఆక్సిజన్ అని తప్ప ఆవిడకి వేరే ఆలోచన రాదు. అంకె పెరిగితే బతుకు, తగ్గితే చావు. పైన పెద్దాయన గొంతు వణికిపోతూ వినిపిస్తోంది. అంకె తగ్గుతోంది. తగ్గినప్పుడల్లా అల్లుడు కేరింతలు కొడుతున్నాడు. పిన్నిగారి చేతిలోని చీర తాడుమీదికి చేరకుండానే బకెట్‌లో పడిపోయింది.

పైన మాత్రం పండగలా ఉంది. వేడి తగ్గగానే కంప్యూటరు జోరందుకుంది. ముగిసే సమయం పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువకి దిగొచ్చింది.

"రెండు నిమిషాలు చాలదు మామయ్యగారూ. పంపడానికే నాలుగు నిమిషాలు పడుతుంది. నూటనాలుగు చేద్దామా?"

"ఆ మెకానిక్ నూటమూడు అన్నాడన్నావుగా?"

"అతను అది వేడిగా ఉన్నప్పుడన్నాడండీ. ఇప్పుడు చల్లగా ఉంది."

ఇంజను డ్రైవరుకి ఈ వాదన సబబుగానే తోచింది. నూటనాలుగు చేశారు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకాస్తరావు జీవితంలో లేదు. ఏమీ కాలేదంటే ఇంకాస్త పెంచవచ్చునని అర్థం. నూటఐదు చేసి, మీట నొక్కాడు.

అప్పుడే వీధి తలుపు దబదబ మోగింది. "మీరు చూస్తూండండి," అని మామగారికి అప్పగించి అతను వెళ్ళి తలుపు జానెడు తెరిచాడు. పిన్నిగారు నిలబడి ఉన్నారు. మెట్లెక్కిన ఆయాసంతో పాటు మొహంలో ఇంకేదో ఉంది.

"ఏం బాబూ, మీ మామగారెలా ఉన్నారు?"

"నిక్షేపంలా ఉన్నారు పిన్నిగారూ."

"ఒక్కసారి చూసి వెళతాను."

ఇంకాస్తరావు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. లోపలి దృశ్యం ఈవిడ చూసిందంటే సాయంత్రానికి భార్యకి తెలుస్తుంది. ముట్టుకోవద్దని నాలుగుసార్లు చెప్పిన భార్యకి, ఆ కంప్యూటరే పక్కరేకు ఊడి తలగడ మీద పడుకుని ఉందని తెలియకుండా ఉండటమే అతనికి కావాలి.

"ఇప్పుడొద్దండీ. గదిలో చల్లదనం పోతుంది."

"చల్లదనమా?" పిన్నిగారు తలుపు మీద చెయ్యి వేశారు. "డెబ్భై తొమ్మిది అని విన్నాను. ఎవరికి బాబూ?"

"ఎవరికీ లేదండీ!" అన్నాడతను, మరీ తొందరగా.

అంతలో గదిలోంచి మామగారి గొంతు వణుకుతూ వచ్చింది. "అల్లుడూ... ఏదీ కదలడం లేదయ్యా... ఎంత నొక్కినా చలనం లేదు... మొత్తం పోయినట్టుంది..."

నూటఐదు దెబ్బకి కీబోర్డూ మౌసూ కలిసికట్టుగా చేతులెత్తేశాయి. మెకానిక్ చెప్పినట్టే వాటికంత ఓపిక లేదు. ఇంకాస్తరావు పైప్రాణాలు పైనే పోయాయి. కొట్లో యంత్రానికి మెకానిక్ చేసే వైద్యం గుర్తొచ్చి, పిన్నిగారు ఎదురుగా ఉన్నారన్న సంగతే మరిచి లోపలికి కేకేశాడు.

"గాభరాపడకండి మామయ్యగారూ! బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెడితే అదే లేస్తుంది!"

ఆ మాటతో తలుపు మూసేశాడు. బయట పిన్నిగారు గుండె పట్టుకున్నారు. పెద్దాయన గుండెకి బ్యాటరీతో నడిచే మిషను ఉందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. దాన్ని ఈ అల్లుడు ఇంట్లోనే ఊడదియ్యబోతున్నాడు. ఆవిడ రెండేసి మెట్లు దిగుతూ కిందికి పరుగెత్తి ఆయన కూతురికి ఫోను చేశారు. అది ఆపేసి ఉంది. ఆ వెంటనే అంబులెన్సుకి చేశారు.

నీలం తెరలోకి వెళ్ళి నూటఐదుని వెనక్కి తిప్పుదామంటే కీబోర్డు పనిచెయ్యాలి. కీబోర్డు పనిచెయ్యాలంటే నూటఐదుని వెనక్కి తిప్పాలి. ఇంకాస్తరావు ఈ చిక్కుముడి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆ బ్యాటరీ ఎక్కడుంటుందో అడగడానికి మెకానిక్‌కి ఫోను చేశాడు. మదర్‌బోర్డు మీద గుండ్రంగా బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది, కరెంటు తీసేసి, దాన్ని ఐదు నిమిషాలు బయట పెడితే మార్చిందంతా మరిచిపోయి మొదటికొస్తుందని చెప్పి, "నూటమూడు అన్నానుగా సార్," అని నెమ్మదిగా అన్నాడతను.

బిళ్ళని స్క్రూడ్రైవరుతో మెల్లగా లేపాలి. మెల్లగా లేపితే రాలేదు. ఇంకాస్త గట్టిగా లేపాడు. టప్పున ఎగిరి అది ఎటో పోయింది.

ఆ తర్వాత అరగంట గురించి ఇద్దరూ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. దుప్పట్లు దులిపారు. పరుపు ఎత్తారు. మామగారు మంచం కింద దూరి, తిరిగి రావడానికి అల్లుడి సాయం తీసుకున్నారు. టార్చి పట్టుకుని మోకాళ్ళమీద గదంతా పాకారు. ఏసీ మాత్రం పదహారులో చల్లగా నడుస్తూనే ఉంది, ఎందుకంటే దాన్ని ఆపాలని ఇద్దరికీ తోచలేదు. చివరికి మామగారు తుమ్మి, ముక్కు తుడుచుకోవడానికి మఫ్లరు విప్పితే, అందులోంచి బిళ్ళ ఠంగున నేలమీద పడింది.

బిళ్ళ పెట్టారు. తెర వెలిగింది. తారీకు ఆరేళ్ళ కిందటి జనవరి ఒకటి అని చూపించింది.

"ఆ రోజు నేను సరుకుబండి మీద ఉన్నాను," అన్నారు మామగారు, తెరని ఆప్యాయంగా చూస్తూ.

తారీకు సరిచేశారు. వంద, వందగానే ఉంది. కీబోర్డు కదిలింది, మౌసు కదిలింది, పని ఆగినచోటి నుంచి మొదలైంది. ఇంకాస్తరావు ముగిసే సమయం చూశాడు. పన్నెండూ ముప్ఫై ఐదు.

అతను మంచం అంచున కూలబడ్డాడు. పొద్దున్నే ఊరికే కూర్చుని ఉన్నా ఇదే పన్నెండున్నర అయ్యేది. ఇంత గొడవ చేసి సాధించింది ఐదు నిమిషాల ఆలస్యం.

"మామయ్యగారూ," అన్నాడు. "పన్నెండేళ్ళు వేరేవాళ్ళ పేరు కింద గీసింది మీ అమ్మాయి. ఇవాళ ఒక్కరోజు తన పేరుతో నిలబడింది. ఆ ఒక్కరోజూ నేను చెయ్యి పెట్టకుండా ఉండలేకపోయాను. తనకి మొహం ఎలా చూపించను?"

మామగారు దుప్పటిలోంచి చెయ్యి తీసి అల్లుడి భుజం మీద వేశారు. చల్లబరచమన్నది తనే, నూటనాలుక్కి సరేనన్నదీ తనే. ఆ చెయ్యి మంచులా ఉంది.

కింద సైరన్ వినిపించింది. ఎవరికో పాపం అనుకున్నారిద్దరూ. మెట్లమీద బూట్ల చప్పుడైంది. తలుపు భళ్ళున తెరుచుకుని, ముందు పిన్నిగారు, వెనక కళ్ళజోడుని తాడుతో మెడలో వేలాడేసుకున్న యాభై ఏళ్ళ అటెండెంటు, ఆ వెనక స్ట్రెచరు పట్టుకున్న డ్రైవరు, పడకగదిలోకి వచ్చిపడ్డారు.

"పేషెంటెక్కడ?" అన్నాడు అటెండెంటు.

ఎవరూ జవాబు చెప్పకముందే పిన్నిగారు మామగారి మీదికి ఉరికారు. అటెండెంటు ఆయన్ని కుర్చీలో అదిమిపెట్టి, దుప్పటి కింద నుంచి వేలు పట్టుకుని ఆక్సిజన్ చూసే చిన్న మిషను తగిలించాడు.

"తొంభై తొమ్మిది," అన్నాడు అటెండెంటు.

"తొంభై తొమ్మిది!" అన్నారు మామగారు ఠంచనుగా. అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఈయనకేం లేదే! చలేస్తోంది, అంతే. ముందా ఏసీ తగ్గించండి."

"మరి డెబ్భై తొమ్మిది ఎవరికి?" అన్నారు పిన్నిగారు. "ఎంత నొక్కినా చలనం లేనిదెవరికి? బ్యాటరీ ఊడదీసింది ఎవరికి?"

మామా అల్లుళ్ళిద్దరూ మెల్లగా మంచం వైపు వేళ్ళు చూపించారు. అందరి చూపూ అటు తిరిగింది. తలగడ మీద పక్కకి తిరిగి పడుకుని, పక్కటెముకలన్నీ కనిపిస్తూ, హోరుమని రొప్పుతున్న కంప్యూటరు. పిన్నిగారు ముక్కున వేలేసుకున్నారు. డ్రైవరు స్ట్రెచరు గోడకి ఆనించి మొహం అటు తిప్పుకున్నాడు, కానీ భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"ఇంకెవరికో నిజంగా అవసరమై ఉంటే?" అన్నాడు అటెండెంటు కోపంగా. ఇంకాస్తరావు తల దించుకుని, మొదటి నుంచీ చివరిదాకా, నూటరెండూ నూటఐదూ కమిటీ, గ్రంథాలయమూ అన్నీ చెప్పేశాడు. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచి ఇక్కడిదాకా తెచ్చుకున్నాడు, ఇక దాచే ఓపిక లేదు.

వింటూ వింటూ అటెండెంటు కళ్ళజోడు పెట్టుకుని మంచం మీదికి వంగాడు. కాసేపు రోగి రొప్పు విన్నాడు. జేబులోంచి టార్చి తీసి లోపలికి వేసి చూశాడు.

"దీన్ని ఒక్క నిమిషం ఆపండి," అన్నాడు. "మా ఇంట్లోదానికీ ఇదే జబ్బు చేసింది పోయినేడు. దీనికి వేగం తక్కువై కాదండీ, ఊపిరాడక."

సంచిలోంచి పొడవాటి పట్టకారు తీసి, ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను రెక్కల మధ్య నుంచి దూర్చి, ఏదో పట్టుకుని లాగాడు. బూడిదరంగు దుమ్ము, అట్టకట్టి, అరచేతి వెడల్పున చిన్న దుప్పటిలా ఊడి వచ్చింది. దాని వెనకాలే ఇంకొకటి. పిన్నిగారు కింది నుంచి వెంట తెచ్చిన గిన్నె అలవాటుగా పట్టారు, అతను అలవాటుగా అందులో వేశాడు.

"ఆరేళ్ళ నుంచీ ఇది కప్పుకునే పనిచేస్తోంది పాపం. మీరు బయట నుంచి ఎంత చల్లగాలి కొడితే ఏం లాభం, లోపలికి పోనిస్తేగా! ఇప్పుడు వెయ్యండి."

వేశారు. హోరు లేదు. గదిలో మొదటిసారి నిశ్శబ్దంగా ఉంది. ఇంకాస్తరావు తెర మూల చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పిలవ్వేం?" అన్నారు మామగారు.

"అరవై ఒకటి," అన్నాడతను, నమ్మలేనట్టు.

"అరవై ఒకటి!" అన్నారు మామగారు, పిన్నిగారు, అటెండెంటు, డ్రైవరు ఒక్కసారిగా.

ముగిసే సమయం పదకొండూ నలభై ఎనిమిది. అక్కడి నుంచి ఆ అంకె ఎటూ కదల్లేదు. అంబులెన్సువాళ్ళకి వేరే పిలుపేదీ రాలేదు కాబట్టి, పిలిచినందుకు నింపాల్సిన కాగితం నింపుతూ పది నిమిషాలు కూర్చుని వెళ్ళారు. పిన్నిగారు మాత్రం చివరిదాకా ఉండి, అల్లుడి చేతులు ఒళ్ళో పెట్టించి కూర్చోబెట్టారు. పదకొండూ నలభై ఎనిమిదికి వీడియో పూర్తయింది. పదకొండూ యాభై రెండుకి వెళ్ళిపోయింది. మామా అల్లుళ్ళు కౌగిలించుకున్నారు. స్వెట్టరు, మఫ్లరు అడ్డొచ్చినా లెక్కచెయ్యలేదు.

నాలుగింటికి భార్య తిరిగొచ్చింది. మెట్లమీద ఉండగానే మొహం చూసి అర్థమైపోయింది వాళ్ళకి. కమిటీ ఒప్పుకుంది. ఆవిడ గీసిన గాజుకప్పు కిందే పిల్లలు కూర్చుని చదువుకుంటారు. శిలాఫలకం మీద ఆవిడ పేరే చెక్కిస్తారు. ఇంకాస్తరావు కళ్ళు తుడుచుకున్నాడు.

"వీడియో సరిగ్గా పన్నెండుకి ఎనిమిది నిమిషాల ముందు వచ్చిందండీ," అందావిడ. "మీరు దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నారంటే నమ్మలేకపోయాను."

"మరి వాళ్ళేమన్నారు? పన్నెండుకి చూడగానే?"

"పన్నెండుకెక్కడండీ! అధ్యక్షులవారు వచ్చిందే రెండున్నరకి. మేమంతా అట్టనమూనా చుట్టూ కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాం."

మామగారూ అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండున్నర అంటే, ముట్టుకోకుండా కూర్చుని ఉంటే రెండుగంటలు మిగిలేవి. అప్పుడే పిన్నిగారు, మరిచిపోయిన గిన్నె కోసం వచ్చి, అటెండెంటు వదిలివెళ్ళిన కాగితం నకలు ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ నిలబడే చదివింది. రోగి వయసు ఆరేళ్ళు. బాధ: ఊపిరాడకపోవడం, విపరీతమైన వేడి. చికిత్స: దుమ్ము తీయడమైనది. ఇంటివారికి సూచన: రోగికి గాలి బాగా తగలాలి, అల్లుడు తగలకూడదు. చదివి, మంచం మీద తలగడ వేసుకుని పడుకున్న తన కంప్యూటరుని చూసి, మఫ్లరులో నాన్నని చూసి, చేతులు కట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసి, కోప్పడదామని నోరు తెరిచి, నవ్వాపుకోలేక గోడకి చేరబడిపోయింది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాక అతని దగ్గరికెళ్ళి, "నా కోసం ఇంత కంగారుపడ్డారా?" అంది. "ఇంకాస్..." అని ఏదో చెప్పబోయి, ఆ మాట సగంలోనే మింగేశాడతను.

ఆ కాగితాన్ని ఆవిడ కంప్యూటరు పక్కరేకు మీదే అతికించింది. రోగి ఇప్పటికీ అరవై ఒకటి దగ్గర నిలకడగా ఉన్నాడు, అల్లుడి పరిస్థితి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పలేమంటున్నారు.